మరియమ్మ లాటుకు మూడు స్లైడ్లు

1997లో నన్ను పెనుకొండ నుంచి హిందూపురం పట్టుగుడ్ల కేంద్రానికి టెక్నికల్ అసిస్టెంటుగా బదిలీ చేశారు. దాన్ని మేము గ్రెయినేజి అంటాము. దారానికి వెళ్లే పట్టుగూళ్లను ఆవిరి పట్టి లోపలి ప్రాణిని చంపుతారు. విత్తనానికి ఎంచిన గూళ్లు మా దగ్గరకు వస్తాయి; ఒక్కో రైతువి ఒక లాటు. వాటిని తట్టల్లో పరచి, పట్టుచిలుకలు గూడు తొలుచుకుని వచ్చేదాకా ఆగుతాము. అవి ఏమీ తినవు, ఎగరలేవు. జత కట్టించి, కొన్ని గంటలకు విడదీసి, ఒక్కో ఆడచిలుకను నల్ల గరాటు కింద అట్ట మీద పెడితే మరునాటికి గుడ్లు పెడుతుంది. ఆ తరువాత లాటుకు కొన్ని తల్లిచిలుకల చొప్పున ఏరి, పొటాషు ద్రావణంలో నూరి మైక్రోస్కోపు కింద చూడాలి. పెబ్రిన్ రోగం తల్లి నుంచి గుడ్డులోకి దిగుతుంది కాబట్టి ఈ పరీక్ష. రోగం తేలితే ఆ లాటు గుడ్లన్నీ కాల్చి, రైతు పేరును విత్తన రైతుల పట్టీ నుంచి తీసేస్తారు.

నేను చేరిన రెండో నెలలో మరియమ్మ లాటు వచ్చింది. ఆమెది హిందూపురం పక్క పల్లె, మా చర్చి సంఘమే. పెనుకొండలో పెద్దగా ఉన్నవాణ్ని కాబట్టి ఇక్కడా నన్ను సంఘ పెద్దగా తీసుకున్నారు. ఆ లాటు చిలుకలు గుడ్లు పెడుతున్న ఆదివారం, ఆరాధనలో ఆమె లేచి సాక్ష్యం చెప్పింది. పురుగు చర్మం విడిచే సమయాన్ని రైతులు జ్వరం అంటారు. "నాలుగు జ్వరాలూ దాటి గూళ్లు కట్టినాయి, ఒక్క పురుగూ పోలేదు, దేవునికి స్తోత్రం" అంది. అందరికన్నా గట్టిగా ఆమేన్ అన్నది నేనే.

సోమవారం ఆమె లాటు మొదటి స్లైడులో పెబ్రిన్ రోగంలా మెరిసే చుక్కలు కనిపించాయి. నా కళ్లను నమ్మాలో, నిన్నటి సాక్ష్యాన్ని నమ్మాలో తెలియలేదు. మా టెక్నికల్ ఆఫీసరు రంగప్ప గారిని పిలిచాను. ఆయన కన్ను పెట్టి నవ్వారు.

"ఏమప్పా, ఇవి గుండ్రంగా ఉండాయి, చిన్నా పెద్దా ఉండాయి. రోగమైతే కోడిగుడ్డు మాదిరి, అన్నీ ఒకే సైజుంటాయి. ఇది నూనె. యాడ పూసుకొస్తివబ్బా?"

ఆ ఉదయం ఒక రోగి నుదుట ప్రార్థన నూనె రాసి, చేతిరుమాలుతో వేళ్లు తుడుచుకుని డ్యూటీకి వచ్చాను. స్లైడు మీద కప్పే పలుచని గాజును తుడిచింది కూడా ఆ రుమాలుతోనే. సిగ్గుపడ్డాను, కానీ సంతోషం అంతకన్నా ఎక్కువైంది. చేతులు కడుక్కుని, ప్రార్థించి, కొత్త గాజుతో రెండో తల్లిని చూశాను. ఏమీ లేదు. దేవుడు జవాబిచ్చాడనుకుని రిపోర్టు రాయడానికి కలం తీశాను.

"ఇంకా తల్లులుండాయి కదప్పా, అవెవరు చూడల్ల?" అన్నారు రంగప్ప గారు.

మూడో స్లైడులో కోడిగుడ్డు ఆకారం చుక్కలు, అన్నీ ఒకే సైజు. రంగప్ప గారు చాలాసేపు చూశారు. ఈసారి నవ్వలేదు. అదే తల్లి నుంచి తానే ఇంకో చుక్క తీసి చూసి, రోగమేనని తల ఊపారు. పురుగుకు రోగం ఆలస్యంగా సోకితే అది చావకుండా గూడు కట్టి, చిలుకై, గుడ్లలోకి రోగాన్ని దింపుతుందట. అంటే మరియమ్మ చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. నాకు ఇంకా తికమకైంది.

మధ్యాహ్నం గుడ్లు కాల్చేశాము. కబురందుకుని వచ్చిన మరియమ్మ ఏడవలేదు.

"నిన్న అందరి ముందరా సాక్ష్యం చెప్తిని కదన్నా. ఇప్పుడు దాన్నేం చేసుకోవల్ల?"

"నాకు తెలీదమ్మా" అన్నాను.

"పెద్దలు మీకే తెలీకుంటే ఎట్ల?" అని, రోగం మిగలకుండా పురుగులింటికి కొట్టాల్సిన ఫార్మలిన్ మందు ఎంత కలపాలో అడిగి రాయించుకుని వెళ్లింది.

నా వరకు నేర్చుకున్నది ఒకటుంది. రెండో స్లైడులో నేను చూసింది దేవుని జవాబు కాదు, నా కోరిక. ఆ తరువాత కూడా ప్రతి లాటుకూ ప్రార్థించాను. ఆఖరి తల్లిని చూసేదాకా మాత్రం కలం ముట్టలేదు.