అమ్మ ఒక్కపొద్దులు

ఎనభైల నడిమిలో ప్రత్తిపాడు దగ్గర మా పొలమంతా పత్తీ మిరపే. తినే గింజ ఒక్కటీ పండించకుండానే రైతులమని మీసం తిప్పేవాళ్ళం. బియ్యం మాత్రం కొనుక్కునేవాళ్ళం.

తెల్లదోమ పత్తిని ఊడ్చేసిన ఏడాది అమ్మకు ఉన్నట్టుండి భక్తి ముదిరింది. శనివారం ఒక్కటే ఉండే ఒక్కపొద్దు సోమవారానికీ, గురువారానికీ పాకింది. రాత్రిపూట నాన్నకూ నాకూ పెట్టి, తాను గ్లాసుడు మజ్జిగ తాగి పడుకునేది. గిన్నెలో మిగిలిన అన్నం నేను తుడిచిపెట్టేవాణ్ణి. పైగా మా అమ్మంత నిష్ఠ ఊళ్ళో ఎవరికీ లేదని కాలేజీలో గొప్పలు. డిగ్రీ చదువుతున్నాను మరి, నాకు తెలియనిదేముంటుంది!

రెండేళ్ళకు నాకు ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. ఇంట్లో బియ్యం బస్తా దిగింది. సోమవారం పోయింది, గురువారం పోయింది, చివరికి శనివారమూ పోయింది.

"ఏమ్మా, దేవుళ్ళతో తగాదా పడ్డావా?" అని నలుగురిలో ఎగతాళి చేశాను.

"నీ ఉద్యోగం కోసం మొక్కుకున్నాన్రా. వచ్చిందిగా," అంది అమ్మ.

నమ్మాను. దేవుళ్ళు ముగ్గురు కష్టపడితే వచ్చిన ఉద్యోగమని పొంగిపోయాను కూడా.

తర్వాత గుంటూరులో రేషను కార్డుల సర్వే కోసం మాకు శిక్షణ తరగతులు. ఆహార అభద్రత అంటే ఏమిటో చెప్పమని ఆఫీసరుగారు అడిగితే అందరికంటే ముందు నా చెయ్యే లేచింది.

"కరువు ప్రాంతాల మాటండి అది. మా నల్లరేగడి ఊళ్ళలో ఉండదండి."

ఆయన నన్ను కూర్చోమన్నారు. "రేపటికి బియ్యం ఉంటాయో లేవోనన్న బెంగ కూడా అదేనండి. పిల్లలకు సరిపోవాలని పెద్దవాళ్ళు పూట మానుకోవడమూ అదే. ఆ సంగతి వాళ్ళు చెప్పరు. ఆకలి లేదనో, ఇంకేదో అంటారు."

గుండ్రటి అక్షరాలతో నోటుపుస్తకంలో రాసుకున్నాను. రాయడం పూర్తయ్యాక తలెత్తలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ సాయంత్రం బస్సు దిగి ఇంటికి వెళ్ళేసరికి అమ్మ అన్నం తింటోంది. ఆ రోజు శనివారం.

"ఏరా, అట్టా చూస్తావేంటి? మళ్ళీ ఎగతాళి చేద్దామనా?"

పక్కన కూర్చుని గరిటె అందుకున్నాను. ఇరవై మూడేళ్ళుగా తినడమే తప్ప ఒక్కరోజూ వడ్డించిన పాపాన పోలేదు. సగం అన్నం కంచం బయట పడింది.

"వడ్డించడమూ రాదు నీకు," అని నవ్వి, కింద పడ్డ మెతుకులు ఒక్కొక్కటే ఏరి కంచంలో వేసుకుంది.