కోటిలింగం గారి కష్టాలు

మా నాన్న హనుమంతరావు బతుకంతా నాటకాలవాళ్ల ముఖాలకి రంగు వేశాడు. భీమడోలు చుట్టుపక్కల ఆయన చెయ్యి పడని హరిశ్చంద్రుడు లేడు. వాళ్లలో ఒకరు కోటిలింగం గారు. తరవాత సినిమాల్లోకి వెళ్తే జనం నెత్తిన పెట్టుకున్నారు. ఆయన పోయాక హైదరాబాదు నుంచి డాక్యుమెంటరీ తీసేవాళ్లు మా ఇంటికొచ్చారు. కెమెరా బిగించి, "ఆయన పడ్డ కష్టాలు చెప్పండి బాబాయిగారూ" అన్నాడు డైరెక్టరు.

ఆయనకి కష్టాలెక్కడివి? పెంటపాడులో మాగాణి ఉన్న ఇంటి బిడ్డ, నెయ్యి లేనిదే ముద్ద ఎత్తేవాడు కాదు. ఆ మాటంటే నాన్నని ఇందులోంచి తీసిపారేస్తారు. వీళ్ల కోసం పొద్దుటినుంచీ ఇస్త్రీ చొక్కా నలగకుండా నిలబడే ఉన్నాడు, పిచ్చి మనిషి.

నాన్న గొంతు సవరించుకున్నాడు.

"ఏలూరు స్టేషన్లో పడుకునేవారండి, రంగుల పెట్టె తలకింద పెట్టుకుని."

ఉలిక్కిపడ్డాను. రంగుల పెట్టె నాన్నది.

"ఓ రాత్రి లంకలో నాటకానికెళ్తా కొల్లేట్లో దోనె తిరగబడితే పీకల్లోతు నీళ్లలో కిరీటాలన్నీ నెత్తిన మోశారండి."

మోసిందీ నాన్నే. డైరెక్టరేమో కళ్లు తుడుచుకుంటున్నాడు. టీ ఇచ్చే వంకతో వంగి, "ఏంటి నాన్నా ఈ అబద్ధాలు? పట్టుకుంటే పరువు పోద్ది" అన్నాను చెవిలో.

"నా పేరున చెప్తే ఎవరింటారమ్మా? ఆయన పేరునైతే ఊరూరా వింటారు."

"మరి ఆ రాత్రి నాటకం ఆడారాండీ?" అన్నాడు డైరెక్టరు.

నాన్న ఆ లంకలో ఉన్న రాత్రే ఇక్కడ మూడేళ్ల మా అన్నయ్య జ్వరంతో పోయాడు. నాన్న వచ్చేసరికి పూడ్చిపెట్టేశారు. నేను పుట్టకముందు సంగతి, అమ్మ చెప్పగా విన్నాను. నాన్న మటుకు ఒక్కనాడూ ఎత్తలేదు. ఇప్పుడు వాణ్ని కూడా ఆయనకిచ్చేస్తాడా? వద్దు నాన్నా, వాడు మనవాడు.

"ఆడారండి" అని ఆగిపోయాడు.

"తర్వాత ఏమైందండీ?"

నాన్న నావైపు చూశాడు.

"ఏమవుద్దండి? తెల్లారి ఇంటికెళ్లారు. పిల్లాడు పరిగెత్తుకుంటా ఎదురొచ్చి కాళ్లు చుట్టేసుకున్నాడండి."

కోటిలింగం గారికి అప్పటికింకా పెళ్లే కాలేదు.