బాపు కారు సబ్‌వూఫర్‌లో గరగర

మా చిన్నప్పుడు బాపు కారు కనబడకముందే వినబడేది... చెరుకు తోటల మలుపు దగ్గర "ధుమ్... ధుమ్..." అని మోత మొదలైతే చాలు, అవ్వ పొయ్యి మీద చాయ్ గిన్నె పెట్టేది.

బోధన్ దగ్గర మా ఊరు. మాకు నాన్న అంటే బాపు, నానమ్మ అంటే అవ్వ. బాపుకి ఒక పాత తెల్ల కారు, అందులో ఒక సబ్‌వూఫర్. మేమంతా 'బేస్ డబ్బా' అనేవాళ్లం. వెనక సీట్లో ఒక మనిషి చోటు అదే తినేసేది. పెద్ద చెక్క పెట్టె, దాని ముఖాన స్పీకర్, పక్కన గాలి వదలడానికి పిడికిలి పట్టేంత గుండ్రటి బొక్క. "పిల్ల ఇరుక్కొని కూసుంటది గానీ డబ్బా మాత్రం కాళ్లు సాపుకొని కూసుంటది" అని అమ్మ దెప్పేది... బాపు వినిపించుకుంటే కదా!

అలాంటి డబ్బా ఒకరోజు గర్ర్... గర్ర్... అనడం మొదలుపెట్టింది. తపేలాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు. బాపు ఫ్యూజు మార్చాడు, తీగల కొసలు గీకి మళ్లీ బిగించాడు, బేస్ తగ్గించాడు, పెంచాడు... ఊహూ. రెండు రోజులు అన్నం కూడా సరిగ్గా తినలేదు.

నిజానికి అప్పటికే మా ఇంట్లో సందడి పోయి రెండు నెలలైంది. అది రూతక్క సంగతి...

రూతక్క మా ఇంట్లో పని చేసేది. నాకు రెండు జడలు వేసి, చివర్లు గట్టిగా లాగి, "నొప్పైతే అందమైతవ్" అని నవ్వేది. మోస్రాలో పెళ్లికి పోయి వచ్చిన మర్నాడు, అవ్వ బంగారు గుండ్ల దండ కనబడలేదు. మా అవ్వ బీరువాను నమ్మేది కాదు. వేల్పూర్ నుంచి మేనత్త పంపిన పసుపు కొమ్ముల సంచిలో బంగారం దాచేది. దొంగ చెయ్యి పెడితే పసుపు అంటుకుని పట్టుబడతాడని ఆమె ధీమా.

సంచి మొత్తం కుమ్మరించారు. దండ లేదు.

"ఈ సంచి కాడికి ఎవలచ్చిండ్రే?" అని అవ్వ నన్ను అడిగింది. నేను ఉన్నదే చెప్పాను... కత్తిపీటకు వేలు తెగితే, అరగదీసి పెట్టుకోవడానికి రూతక్క ఒక కొమ్ము తీసుకుందని.

రూతక్క అరచెయ్యి నిండా పసుపు! అవ్వ ఆ చెయ్యి పట్టుకుని వాకిట్లోకి లాక్కొచ్చి, ఇరుగుపొరుగు అందరి ముందు పైకెత్తింది.

"సూడుండ్రి... దొంగ చెయ్యి గిట్లనే ఉంటది!"

"నేను తియ్యలే అవ్వా" అంది రూతక్క. అంతే... మళ్లీ మా గడప తొక్కలేదు. ఊళ్లో ఇంకెవరూ ఆమెను పనికి పిలవలేదు.

సరే, డబ్బా బాగుచేయించడానికి బాపు నిజామాబాద్ బయల్దేరాడు. కళ్లద్దాల కోసం అవ్వ, ఊరికే నేను. బస్టాండ్ వెనక ఖాజా భాయ్ దుకాణం. ఆయన ముందు మా ఆంప్లిఫయర్‌కి తన స్పీకర్ తగిలించాడు. పాట శుభ్రంగా పలికింది. తర్వాత గడియారంలో వేసే చిన్న సెల్లు తీసి మా డబ్బా తీగలకు ఆనించాడు. స్పీకర్ పొర ముందుకు ఉబికింది... లోపల ఏదో 'కళ్'మంది.

"స్పీకర్ ఖరాబ్ కాలే అన్నా. డబ్బాల ఏందో దొర్లుతుంది" అని మరలు విప్పి, మోచేతి దాకా చెయ్యి పెట్టాడు.

బయటికి వచ్చింది ఒక చేతిగుడ్డ. ముడి ఊడిపోయి ఉంది. అందులోంచి వేలాడుతూ... గుండ్ల దండ!

"ముబారక్ అన్నా! బంగారం దొరికింది!" అని ఖాజా భాయ్ ఒకటే సంబరం. పాపం, ఆయనకేం తెలుసు! బాపు స్టూలు మీద కూలబడ్డాడు.

"పెండ్లి నుంచి అచ్చేటప్పుడు... తొవ్వల మెడల బంగారం ఎందుకని... గా డబ్బా బొక్కల నేనే పెట్టిన కొడుకా..." అంది అవ్వ. ఆ గొంతు అవ్వది అనిపించలేదు.

కళ్లద్దాల మాట ఎవరూ ఎత్తలేదు. తిన్నగా రూతక్క ఇంటికే వెళ్లాం. అవ్వ లోపలికి వెళ్లి, "తప్పైంది బిడ్డా" అంది మెల్లగా.

రూతక్క బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు. "వాకిట్ల పదిమంది ముంగట అన్నవ్ అవ్వా. ఇప్పుడు ఇంట్లకచ్చి చెవుల చెప్తే ఎట్ల?"

అవ్వకు ఎదురు చెప్పిన మనిషిని నేను చూడటం అదే మొదలు!

ఆదివారం రూతక్క వాళ్ల చర్చి విడిచే వేళకు అవ్వ గేటు ముందు నిలబడింది. అందరూ బయటికి వచ్చేదాకా ఆగి, గొంతెత్తింది. "రూతు దొంగ గాదు. దండ నేనే దాసి మర్సిన. తప్పు నాది!"

రూతక్కే వచ్చి, భుజం పట్టి మెట్టు మీద కూర్చోబెట్టింది. "కోపం లేదవ్వా. మీ ఇంట్ల పనికి మాత్రం రాను" అంది. రాలేదు కూడా.

మొన్న మా కాలనీ ఫోన్ గ్రూపులో ఒకావిడ తన పనామె ఫొటో పెట్టి 'దొంగ' అని రాసింది. మర్నాడు ఉంగరం సోఫా సందులో దొరికిందట... ఫొటో తీసేసింది. అంతే! ఒక్క మాట రాయలేదు, ఒక్కరూ అడగలేదు.

మా అవ్వ చదువు రాని మనిషి, నోటి దురుసు మనిషి. అయినా ఎంత గట్టిగా నింద వేసిందో, అంత గట్టిగానే తప్పు తనదని చెప్పింది. మీ ఇళ్లలో అలా చెప్పిన పెద్దవాళ్లు ఉన్నారా? ఉంటే రాయండి... ఎవరికైనా మీరే చెప్పాల్సిన మాట మిగిలి ఉంటే, ఇక్కడ కాదు... ముందు వాళ్లింటికి వెళ్లి రండి.