సుద్దముక్కల పెట్టెలో చీటీలు

ఆ ఉత్తర్వు మా బడికి వచ్చిన రోజు పెద్దసారు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని స్టాఫ్ రూమ్‌లోకి తెచ్చారు. ఎలుక చచ్చిపడి ఉంటే తోక పట్టుకుని తెచ్చినట్టు తెచ్చి నా ముందు బల్ల మీద పెట్టారు.

"మేడమ్, ఇది మీ సబ్జెక్టండి. ఎనిమిది నుంచి పది వరకు, వారానికి ఒక క్లాసు చెప్పాలంట."

"ఏం క్లాసు సార్?"

"అదేనండి. అందులో ఉంది."

చదివాను. కౌమారంలో శరీరంలో వచ్చే మార్పులు, నెలసరి, శుభ్రత, మంచి స్పర్శ, చెడ్డ స్పర్శ, లైంగిక ఆరోగ్యం. వయసుకు తగినట్టు చెప్పాలి అని రెండుసార్లు రాసి ఉంది. పెద్దసారు కిటికీలోంచి బడి వెనక పత్తిచేల వైపు చూస్తూ నిలబడ్డారు. ముప్పై ఏళ్ళ సర్వీసున్న మనిషి, పంచాంగం చూడకుండా తిథి చెప్పగల కుటుంబంలో పుట్టినవారు, 'లైంగిక' అనే మూడక్షరాల దగ్గర నోరు పెగలక నిలబడిపోయారు.

మాది గుంటూరు జిల్లా దాటి ప్రకాశంలోకి అడుగుపెట్టే చోట, నల్లరేగడి నేలలో ఉన్న హైస్కూలు. పద్దెనిమిదేళ్ళుగా పిల్లలకు జీవశాస్త్రం చెబుతున్నాను. ఆ రోజు స్టాఫ్ రూమ్‌లో జరిగినంత మేధోమథనం నా సర్వీసులో ఎప్పుడూ చూడలేదు. లెక్కల సారు తన సిలబస్ వెనకబడిందని, ఆ క్లాసు తనకిస్తే దేశానికి మేలని అన్నారు. ఆటల సారు మగపిల్లల్ని ఆ గంటసేపు వాలీబాల్‌కి తీసుకుపోతానని త్యాగానికి సిద్ధపడ్డారు. తెలుగు మాస్టారు అన్నిటికన్నా మంచి ఉపాయం చెప్పారు.

"సంస్కృతంలో చెప్పండి మేడమ్. గంభీరంగా ఉంటుంది. పిల్లలకి అర్థం కాదు కాబట్టి గొడవా ఉండదు."

"అర్థం కాకపోతే చెప్పడం ఎందుకండీ?"

"చెప్పామని రిజిస్టరులో రాసుకోడానికి."

నవ్వాను గానీ, నా చరిత్ర మాత్రం ఏం గొప్పది? నేను పదో తరగతి చదివేటప్పుడు మా సైన్సు మాస్టారు పునరుత్పత్తి పాఠం రాగానే, "ఇది తేలిక పాఠం, ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీలు తిప్పేశారు. ఇంటి దగ్గర మా నాన్న ఆ పేజీలో బొమ్మ చూసి పుస్తకం మూసి అటక మీద పెట్టారు. పరీక్షలో ఆ పాఠం నుంచి ప్రశ్న వస్తే ఊరంతా కలిసి వదిలేశాం. తర్వాత నేను టీచరునై ఆ పాఠం చెప్పేటప్పుడు ఏం చేశాను? పువ్వు గురించి రెండు రోజులు, మనిషి గురించి పావుగంట. అదీ బోర్డు వైపు తిరిగి. కాబట్టి పెద్దసారుని వెక్కిరించే హక్కు నాకు పూర్తిగా లేదు. అయినా వెక్కిరిస్తూనే ఉన్నాను.

ఒంగోల్లో రెండు రోజుల శిక్షణ ఇచ్చి నన్ను తరగతిలోకి తోశారు. మొదటి రోజు తొమ్మిదో తరగతి. పెద్దసారు పోలీసు బందోబస్తు పెట్టినట్టు ఆడపిల్లల్ని ఎడమ గోడకి, మగపిల్లల్ని కుడి గోడకి అంటించి, మధ్యలో రెండు బెంచీలు ఖాళీ వదిలి వెళ్ళిపోయారు. నేను పువ్వుతోనే మొదలుపెట్టాను. పరాగ సంపర్కం అంటే ఏమిటని అడిగాను. చివరి బెంచీలో ఒక పిల్ల మెల్లగా చెయ్యెత్తింది.

"క్రాసింగేగా మేడమ్. విత్తనాలకేసే సీడు పత్తి చేలో మేం చేసేది. సాయంత్రం ఆడ మొగ్గకి తొక్క వలిచి, పొద్దున్నే మగ పువ్వు తెచ్చి రుద్దుతాం."

"నువ్వు చేస్తావా?"

"సెలవులప్పుడు. మన బడి కమిటీ ఛైర్మన్ గారి చేలో. మా చేతులు చిన్నయ్యి గదా, మొగ్గ విరగదంట."

సగం తరగతి చేతులెత్తింది. పొలంలో ఆడ, మగ అంటూ వేళ్ళతో సంపర్కం చేయించడానికి పనికొచ్చే పిల్లలు, ఆ మాటే బడిలో వినడానికి మాత్రం పనికిరారు. వినిపిస్తే చెడిపోతారు.

పాఠం అయ్యాక సుద్దముక్కల ఖాళీ పెట్టె ఒకటి బల్ల మీద పెట్టాను. పేరు రాయకుండా ఎవరి సందేహం వాళ్ళు చీటీ మీద రాసి వెయ్యమన్నాను. వారం తిరిగేసరికి పెట్టె మూత పడటం లేదు.

'నా గొంతు పాడైంది. మందు వాడాలా?' మగపిల్లాడి రాత. 'అమ్మాయి తాగిన గ్లాసులో నీళ్ళు తాగితే కడుపు వస్తుందా?' 'బయట ఉన్నప్పుడు మిరపతోటలోకి వెళ్తే తెగులు వస్తుందంటుంది మా నాయనమ్మ. ఎకరం పోతే నన్ను తిడతారా?' 'నాకు రక్తం వచ్చింది. మిరపకాయలు కోసినందుకు వేడి చేసిందేమో అనుకుని నాలుగు రోజులు మజ్జిగ తాగాను. చచ్చిపోతాననుకున్నాను.'

ఆ చివరి చీటీ రెండోసారి చదివాను. కనుచూపు మేర పత్తి పండే ఊళ్ళో, చచ్చిపోతాననుకుంటూ పాత లంగా గుడ్డలు చించుకున్న పిల్ల. లారీలకొద్దీ పత్తి మిల్లులకు పోతుంది. ఆ పిల్లకి అరచేతిలో పట్టేంత దూదీ అందదు, ఒక్క మాటా అందదు.

రెండో వారం పెట్టెలో ఇంకో చీటీ కనపడింది. రాత చిన్నగా, గట్టిగా నొక్కి రాసినట్టుంది. 'మా ఇంటికి ఒక పెద్దాయన వస్తాడు. దగ్గరికి లాక్కుంటాడు. నాకు ఇష్టం లేదు. వద్దంటే ఆయన నవ్వుతాడు. మా వాళ్ళు కూడా నవ్వుతారు. నేనేం చెయ్యాలి?'

మర్నాడు తరగతిలో ఆ చీటీ సంగతి ఎత్తలేదు. అందరికీ కలిపి చెప్పాను. మీ ఒళ్ళు మీది. వద్దు అనడం పెద్దలకు ఎదురు చెప్పడం కాదు. ఎవరైనా ఇబ్బంది పెడితే తప్పు మీది కాదు. నేను రోజూ మధ్యాహ్న భోజనం అప్పుడు లైబ్రరీ గదిలో ఉంటాను.

మూడు రోజులు ఎవరూ రాలేదు. నాలుగో రోజు ఒక పిల్ల పుస్తకంలో గుండె బొమ్మ అర్థం కాలేదంటూ వచ్చింది. కర్ణిక, జఠరిక అన్నీ చెప్పాను. ఊఁ కొడుతూ విన్నది. పుస్తకం మూసి, "మేడమ్, ఆ చీటీ నాదే" అంది.

వాళ్ళమ్మని పిలిపించాను. సొంతం రెండెకరాలు, కౌలుకి ఇంకో రెండు చేసే మనిషి. చేలోంచి అలాగే వచ్చింది, కొంగుకి పత్తి అంటుకుని ఉంది. విషయం చెప్పగానే మొదట, "ఆయన పెద్దోడండీ, మా ఆయనకి మేనమామ వరస, చనువుకొద్దీ..." అంది. అని తన కూతురి మొహం చూసింది. తర్వాత ఆ తల్లి అన్న మాట ఒకటే. "నేను కూడా నవ్వానండీ."

పిల్లల రక్షణ చూసే జిల్లా అధికారికి కాగితం పంపాలి, దాని మీద ప్రధానోపాధ్యాయుడి సంతకం ఉండాలి. ఆయనేమంటారో అని భయపడుతూనే తీసుకెళ్ళాను. పెద్దసారు కాగితం మొత్తం చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఒక్క ప్రశ్న వెయ్యకుండా సంతకం పెట్టారు. ఆయన గురించి నేను రాసిన వెక్కిరింతలన్నిటి పక్కనా ఈ ముక్క కూడా రాయాలి.

అధికారులు గుట్టుగానే వచ్చారు. తల్లీ కూతుళ్ళతో మాట్లాడారు, ఆ పెద్దాయనతో వేరేగా మాట్లాడారు. ఆయన మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

ఈలోగా ఊళ్ళో నా పేరు మారింది. 'బూతుల పంతులమ్మ' అట. మా ఆయన కూరగాయలకు వెళ్ళి విని వచ్చి రెండు రోజులు మాట్లాడలేదు. అసలు ఉత్సాహమంతా తల్లిదండ్రుల కమిటీ ఛైర్మన్‌ది. ఎనిమిదెకరాల మిర్చి, నాలుగెకరాల సీడు పత్తి రైతు. ఆయనే పెద్దసారు చేత మీటింగు పెట్టించాడు. వరండాలో పదిహేను కుర్చీలు వేశారు. మగవాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు, ఆడవాళ్ళు స్తంభాల దగ్గర నిలబడ్డారు.

"అమ్మా, నీకు చదువుంది, కాదన్ను," అని మొదలుపెట్టాడు ఛైర్మన్. "కానీ ఆడపిల్లల ముందర ఆ మాటలేందమ్మా? మా ఇళ్ళల్లో ఇట్టాంటియ్యి మాట్లాడం. పరువుగల కొంపలు మాయి. ఏ వయసుకి ఏం తెలవాల్నో అదే తెలుస్తది."

"ఎలా తెలుస్తుందండీ?" అన్నాను.

"ఎట్టా అంటే... మాకు తెలవలా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన గొంతు పెంచాడు. "ఇదంతా ఆపాల. లేకపోతే మా పిల్లల్ని ప్రైవేటుకి మారుస్తాం. ఏమంటారు పెద్దసారూ?"

పెద్దసారు మళ్ళీ పత్తిచేల వైపు చూశారు. నేను పెట్టె తెచ్చాను. ఎవరి రాతో పోల్చుకోకుండా చీటీలు నా చేత్తో తిరగరాసి ఉంచుకున్నాను. మజ్జిగ తాగిన పిల్ల చీటీ చదివాను. గొంతు పాడైందన్న పిల్లాడిది చదివాను. గ్లాసు నీళ్ళది చదివితే మగవాళ్ళు నవ్వారు. ఆ ఒక్క చీటీ మాత్రం బయటికి తియ్యలేదు.

"నవ్వులాట కాదండీ," అన్నాను. "మీ పిల్లలు ఇవన్నీ ఎవర్నో ఒకర్ని అడుగుతారు. నన్ను అడగొద్దంటే ఫోన్‌ని అడుగుతారు. అది వయసుకు తగినట్టు చెప్పదు."

"ఫోన్లు లాక్కుంటాం," అన్నాడు ఛైర్మన్.

అప్పుడు స్తంభం దగ్గర నుంచి ఆ తల్లి ముందుకొచ్చింది. ఆమె ఎందుకు మాట్లాడుతోందో అక్కడ నాకూ పెద్దసారుకీ తప్ప ఎవరికీ తెలియదు.

"అన్నయ్యా, ఒక మాట అడుగుతా, కోపం పెట్టుకోమాక. మొన్న సెంటర్లో పదడుగుల ఫ్లెక్సీ కట్టింది ఎవురు?"

ఆ ఫ్లెక్సీ అందరికీ తెలుసు. ఛైర్మన్ కూతురు మా తొమ్మిదో తరగతే. పుష్పవతి అయిన శుభ సందర్భంగా అని బంగారు అక్షరాలు, నగలతో పిల్ల ఫోటో, పైన నాయకుల నమస్కారాలు, కింద 'మీ రాకను కోరు' అంటూ చుట్టాల మొహాలు. రెండు నెలల పాటు బస్సు దిగినవాడల్లా ఆ పిల్ల ఒంటి సంగతి చదువుకునే ఊళ్ళోకి వచ్చాడు. ఆ పిల్ల మాత్రం బడికి పక్క సందులోంచి తల దించుకుని వచ్చేది.

"నీ కూతురు పెద్దమనిషైందని మైకు పెట్టి ఊరంతా చెప్పావే, అది పరువా? అదే ముక్క పంతులమ్మ గదిలో కూర్చోబెట్టి, బిడ్డా భయపడమాక అని చెప్తే బూతా?"

"అది శాస్త్రం, ఆచారం..." అన్నాడు ఆయన.

"మరి అప్పుడు నీ పిల్లకి అసలేమయ్యిందో ఎవురన్నా చెప్పారా? చీరలు పెట్టారు, అక్షింతలేశారు, భోజనాలు పెట్టారు. చెప్పారా?"

స్తంభాల దగ్గర ఆడవాళ్ళంతా ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టారు. ఎవరు ఏమన్నారో తెలియనంత గోల. ఛైర్మన్ భార్య కూడా అక్కడే ఉంది. ఆమె మొగుడి వైపు చూడకుండా, "మా అమ్మాయి ఆ చీటీల్లో ఏదన్నా రాసిందా మేడమ్?" అని అడిగింది.

"పేర్లు ఉండవండీ," అన్నాను.

"రాసే ఉంటది లెండి," అని కళ్ళు తుడుచుకుంది.

పెద్దసారు లేచి గొంతు సవరించుకున్నారు. ప్రభుత్వ ఉత్తర్వు కాబట్టి తాను చేయగలిగింది ఏమీ లేదని, క్లాసు జరుగుతుందని చెప్పారు. ఆయన జీవితంలో ప్రభుత్వ ఉత్తర్వు ఇంతగా అక్కరకు రావడం అదే మొదటిసారి అనుకుంటాను. ఏ క్లాసో మాత్రం చెప్పలేదు.

ఛైర్మన్ ఎవర్నీ ప్రైవేటుకి మార్చలేదు. మరుసటి నెల ఆయన కూతురు మొదటి బెంచీలో కూర్చుని, నొప్పి ఎందుకు వస్తుందని అందరి ముందూ చెయ్యెత్తి అడిగింది. మగపిల్లలు నవ్వబోయి ఆగారు. ఒకడు మాత్రం నవ్వాడు. వాడికి గొంతు మారుతోంది, ఆ నవ్వు మధ్యలో కీచుమనేసరికి తరగతంతా వాణ్ణి చూసి నవ్వింది. తర్వాత పాఠం సాగింది.

మిరప కోతలు మొదలయ్యాక ఒక ఆదివారం నలుగురు ఆడవాళ్ళు మా ఇంటికి వచ్చారు. ముందు ఆ తల్లి, వెనక ఛైర్మన్ భార్య, ఇంకా ఇద్దరు. చేతుల్లో పండు మిరపకాయల సంచి ఉంది. పచ్చడికని ఇచ్చి, గుమ్మంలో కాసేపు అవీ ఇవీ మాట్లాడి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పిల్లలకి చెప్తన్నారుగా మేడమ్," అంది ఛైర్మన్ భార్య. "మాకు కూడా చెప్తారా? ఇద్దర్ని కన్నా గానీ, మాకు మాత్రం ఎవురు చెప్పారు?"

మా ఆయన హాల్లో పేపరు చదువుతున్నాడు. పేపరు మడిచి, చెప్పులేసుకుని, ఎవరూ అడక్కుండానే బజారుకి బయల్దేరాడు. నేను చాప పరిచాను.