కరకట్ట మీద పది అడుగుల వెనకాల

మెడలో వేసిన పతకాన్ని నలుగురి ముందూ తిరిగి అడిగితే ఎలా ఉంటుందో నాకు నలభై రెండో ఏట తెలిసింది.

మచిలీపట్నంలో మా వీధి చివర బట్టల కొట్టు ఉన్న పెద్దమనిషి ఒకాయన, ఆదివారాలు మంగినపూడి రోడ్డు మీద పరిగెత్తేవాళ్లను కూడగట్టి ఒక బృందం నడిపేవారు. మా ఆయన ఆయన్ని బావగారూ అని పిలిచేవారు. ఆ లెక్కన ఆయన నాకు అన్నయ్యగారు, నేను ఆయనకి చెల్లెమ్మని. షుగర్ మొదలవుతోందని డాక్టరు చెప్పాక ఆ బృందంలో చేరాను. మొదట నడక, తర్వాత కాస్త పరుగు, కాస్త నడక. ఏడాది తిరిగేసరికి ఆగకుండా పరిగెత్తగలిగాను. నేను గుడివాడలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాని. పొద్దున పాసింజరు అందుకోవాలి కాబట్టి అయిదింటికే రోడ్డెక్కేదాన్ని. అప్పటిదాకా జీవితంలో నాకోసం నేను చేసుకున్న పని అదొక్కటే.

ఆ శీతాకాలంలో బృందం వాళ్లు పది కిలోమీటర్ల పోటీ పెట్టారు. బీచ్ దగ్గర బయల్దేరి, బందరు వైపు అయిదు కిలోమీటర్లు వచ్చి, ఒక కల్వర్టు దగ్గర వెనక్కి తిరగాలి. కల్వర్టు మీద ఒక ప్లాస్టిక్ కుర్చీ, అందులో నంబర్లు రాసుకునే మనిషి ఉండాలి. నేను వెళ్లేసరికి కుర్చీ ఉంది, మనిషి లేడు. కుర్చీని చేత్తో తాకి వెనక్కి తిరిగాను. గంటా ఎనిమిది నిమిషాల్లో పూర్తి చేశాను. ఆడవాళ్లలో మూడోదాన్ని. అన్నయ్యగారే నవ్వుతూ మెడలో పతకం వేశారు.

పావుగంట తర్వాత, అందరం ఇడ్లీల దగ్గర నిలబడి ఉండగా, ఆయన మళ్లీ వచ్చారు.

"చెల్లెమ్మా, ఏమనుకోవద్దు. మలుపు దగ్గర మిమ్మల్ని ఎవరూ చూళ్లేదంటున్నారు."

"అక్కడిదాకా వెళ్లే వచ్చానండి. కుర్చీలో ఎవరూ లేరు."

"ఆయన రెండు నిమిషాలు టీకి వెళ్లాడంతే. నాకూ మీరు ఎక్కడా ఎదురు రాలేదు మరి. పోనీ, ఫోన్లో రికార్డేమన్నా ఉందా?"

ఫోన్ మా ఆయన జేబులో ఉంది. లేదన్నాను.

"వాచీ?"

ఆ మాట అంటూ ఆయన నా చేతి వంక చూశారు. నా చేతికి నాలుగు మట్టిగాజులు ఉన్నాయి. ఆయన చేతికి అరచేతిలో సగం ఉన్న నల్లటి వాచీ ఉంది.

"రుజువు లేనప్పుడు మనం మాత్రం ఏం చేస్తాం చెప్పండి. రూలు అందరికీ ఒకటేగా. ఆ మెడల్ ఇటివ్వండమ్మా."

ఇచ్చాను. నాలుగో స్థానంలో వచ్చిన అమ్మాయి మెడలో దాన్ని వేశారు. పాపం, ఆ అమ్మాయి తలెత్తలేదు. మా ఆయన రెండు చేతుల్లో రెండు ఇడ్లీ ప్లేట్లు పట్టుకుని అలా నిలబడిపోయారు. ఇంటికి వచ్చేటప్పుడు స్కూటర్ మీద, "పోనిద్దూ, అదేమన్నా బంగారమా" అన్నారు. ఆ సాయంత్రం వాట్సాప్ గ్రూపులో అన్నయ్యగారి మెసేజి వచ్చింది. "మనం పరిగెత్తేది ఆరోగ్యం కోసం. దూరం తగ్గించుకుని మనల్ని మనం మోసం చేసుకోవద్దు." చివర దండం బొమ్మ. నా పేరు లేదు. అక్కర్లేదు కూడా. ముప్ఫైమందికి పైగా దానికి బొటనవేలు బొమ్మ పెట్టారు. ఎవరెవరు పెట్టారో ఒక్కొక్కరినీ తెరిచి చూశాను. మా ఆయన పెట్టలేదు. అందుకు ఆయన్ని ఆ రోజుకి క్షమించాను.

మర్నాడు రైల్లో కూర్చుని, వాచీ కొనాలని నిర్ణయించుకున్నాను. ఆరోగ్యం కోసం కాదు.

మా ఆఫీసులో నా పక్క సీటావిడ దగ్గర ఒక వాచీ ఉండేది. అడుగులు లెక్కపెడుతుంది. అడిగి ఒక పూట తెచ్చుకుని పెట్టుకున్నాను. ఆ పూట చపాతీ పిండి కలిపి, ఒత్తి చూస్తే ఏడువందల అడుగులు వేశానని చూపించింది. పీట ముందు నుంచి నేను లేవనేలేదు. అలాంటి వాచీని అన్నయ్యగారి ముందు పెడితే ఆయన ఇంకోసారి దండం బొమ్మ పెడతారు. తిరిగి ఇచ్చేశాను.

తర్వాత బందరులో ఒక పెద్ద మొబైల్ షాపుకి వెళ్లాను. అక్కడి సేల్స్ అమ్మాయి గులాబీ రంగుది, చుట్టూ రాళ్లు పొదిగినది తీసింది.

"లేడీస్ అందరూ ఇదే తీసుకుంటున్నారు మేడమ్."

"ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్తే దూరం సరిగ్గా చూపిస్తుందా?"

"ఫోన్ దగ్గరుండాలి మేడమ్. దీనికి సొంతంగా జీపీఎస్ ఉండదు."

మొదటిసారి ఆ మాట అర్థమైంది. వాచీ తనంతట తనే ఉపగ్రహాన్ని పట్టుకోవాలి. ఫోన్ మీద ఆధారపడేది నాకు వద్దు. మొగుడి జేబు మీద ఆధారపడి ఒకసారి అయింది కదా.

గుడివాడ స్టేషన్ రోడ్డులో ఒక సాయిబుగారి వాచీల కొట్టు ఉంది. మా నాన్నగారి వాచీ బాగుచేసిన మనిషి. ఇప్పుడు కీ ఇచ్చే వాచీలతో పాటు వీటినీ అమ్ముతున్నారు. కంటికి భూతద్దం తగిలించుకుని పని చేసుకుంటూనే, "ఏం పనికమ్మా?" అని అడిగారు. పరుగుకి అన్నాను. "పరుగుకంటే, ఊరికే ఒళ్లు తగ్గడానికా, పందేనికా?" అన్నారు. ఎందుకో అంతా చెప్పేశాను, కుర్చీ దగ్గర్నుంచి దండం బొమ్మ దాకా. అప్పటివరకూ అది నేను ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

ఆయన భూతద్దం తీసి పక్కన పెట్టారు.

"కోపంగా ఉన్నారు కాబట్టి బటన్లున్నదే తీసుకోండమ్మా. అద్దం మీద వేలు పెట్టి లాగేవి కోపంలో పనికిరావు. చెమట చేతికి అసలు పలకవు."

అయినా నమ్మకం కుదరాలని రెండు రకాలు ఇచ్చి, ఒక రోజు వాడి తెమ్మన్నారు. మర్నాడు పొద్దున్నే ఎడమ చేతికి ఒకటి, కుడి చేతికి ఒకటి పెట్టుకుని మంగినపూడి రోడ్డు మీదికి వెళ్లాను. పాలవాళ్లు వింతగా చూశారు. ఒక కిలోమీటరు రాయి దగ్గర రెండూ మొదలుపెట్టి, తర్వాతి రాయి దగ్గర ఆపాను. అద్దం వాచీ ఉపగ్రహం దొరక్క ఆలస్యంగా లేచింది. చెమట వేలికి ఆపమంటే ఆగలేదు. ఆగేసరికి అరవై మీటర్లు తక్కువ చూపిస్తోంది. బటన్ల వాచీ సరిగ్గా ఒక కిలోమీటరు దగ్గర చిన్నగా మోగింది. అప్పటికి నా కాలు రాయి నీడలో ఉంది. మరోసారి, ఇంకోసారి చూశాను. మూడుసార్లూ అంతే.

అదే కొన్నాను. మగవాళ్లది, నల్లగా మొరటుగా ఉంది. బెల్టు చివరి బెజ్జం దాకా లాగినా నా చేతికి వదులే. సాయిబుగారు సూదితో ఇంకో రెండు బెజ్జాలు పొడిచి, "ఇప్పుడు జారదు" అన్నారు. ఆ చేతికి గాజులు తీసేశాను. మా అత్తగారు రెండు రోజులు ముభావంగా ఉండి ఊరుకున్నారు.

వాచీ దూరం చెబుతుంది, దాంతోపాటు వేగం కూడా. ఒక కిలోమీటరు ఎన్ని నిమిషాల్లో వెళ్తున్నామో నిమిష నిమిషానికీ చూపిస్తుంది. నాది ఆరు నిమిషాల యాభై సెకన్లు. అన్నయ్యగారిది ఆరుంబావు. నాకెలా తెలుసంటే, ఆయన రోజూ తన లెక్కలు గ్రూపులో పెట్టేవారు. ఆయన్ని చదివినంత శ్రద్ధగా నేను డిపార్ట్‌మెంటు పరీక్షలకి కూడా చదవలేదు. మొదటి రెండు కిలోమీటర్లూ ఎగబడతారు. ఏడు దగ్గర అలసిపోతారు. ఇంకొకటి కూడా పట్టుకున్నాను. నీళ్లకి ఆగినప్పుడు ఆయన వాచీ ఆపేసేవారు. బయల్దేరిన సమయానికీ ముగించిన సమయానికీ మధ్య తేడాకీ, ఆయన చెప్పే మొత్తానికీ ప్రతిసారీ నాలుగైదు నిమిషాలు కలవవు.

ఆ రెండు లెక్కలకీ ఫోటోలు తీసి పక్కపక్కన పెట్టి గ్రూపులో వేయాలని ఒకరోజు సిద్ధమయ్యాను. కింద దండం బొమ్మ కూడా పెట్టాను. పంపలేదు. మంచితనం వల్ల కాదు. ఫోన్లో అయితే ఆయన ముఖం నాకు కనపడదు.

ఆరు నెలలు పట్టింది. వారానికి ఒకరోజు ఆయన వేగంతో ఒక కిలోమీటరు, తర్వాత రెండు, మూడు. వేగం తగ్గితే మోగేలా వాచీకి చెప్పి పెట్టుకున్నాను. అది మోగినప్పుడల్లా "ఇటివ్వండమ్మా" అన్న గొంతు వినపడేది. పాదాలు వాటంతటవే లేచేవి. మధ్యలో పది రోజులు కృత్తివెన్ను డ్యూటీ పడింది. అక్కడ రోడ్డు బాగాలేక రొయ్యల చెరువు గట్ల మీద పరిగెత్తాను. ఒక చెరువు కాపలా ముసలాయన మూడు రోజులు చూసి, నాలుగో రోజు అడిగాడు.

"ఎవరన్నా తరుముతున్నారా అమ్మా?"

"లేదండి. నేనే తరుముతున్నాను."

ఆయన గట్టంతా వెతికి చూశాడు. ఎవరూ కనపడక తల ఊపి లోపలికి వెళ్లిపోయాడు.

వానలు తగ్గాక బృందం దివిసీమలో పోటీ పెట్టింది. కృష్ణ కరకట్ట మీద అయిదు కిలోమీటర్లు వెళ్లి రావాలి. ఒకవైపు లంక పొలాలు, ఇంకోవైపు ఊళ్లు. పక్కదారి లేదు. బయల్దేరే చోట అన్నయ్యగారు నా చేతి వంక చూసి, "ఓ, వాచీ కొన్నారే. మంచిది చెల్లెమ్మా" అన్నారు. "మీ దయ వల్లేనండి" అన్నాను.

ఆయన వెనకాల పది అడుగుల దూరంలో నిలబడ్డాను. బయల్దేరాక కూడా అదే దూరం. ఆయన ఎగబడ్డారు, నేనూ ఎగబడ్డాను. మొదటి కిలోమీటరుకి ఆయన వాచీ మోగింది, ఆ వెంటనే నాది మోగింది.

"ఒకటి అయిందండి అన్నయ్యగారూ."

ఆయన వెనక్కి చూసి నవ్వారు. రెండో దానికి, "రెండు అయిందండి." అప్పుడూ కాస్త నవ్వారు. మూడోసారి నవ్వలేదు. వేగం పెంచారు. నేనూ పెంచాను. తగ్గించారు, తగ్గించాను. దాటి వెళ్లమని ఒకసారి చెయ్యి ఊపారు. దాటలేదు. మలుపు దగ్గర ఈసారి మనిషి ఉన్నాడు. అయినా గట్టిగా అన్నాను.

"మలుపండి. నేను ఇక్కడే ఉన్నాను. చూశారు కదా."

ఏడో కిలోమీటరు దగ్గర ఆయన నీళ్ల బల్ల ముందు ఆగారు. చెయ్యి వాచీ మీదికి వెళ్లింది. నేనూ ఆగాను.

"ఆపకండి అన్నయ్యగారూ. నేను ఆపలేదు."

గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. ముఖం కందగడ్డలా అయింది. "మీరు వెళ్లండమ్మా, నా కోసం ఎందుకు" అన్నారు. "పర్లేదండి. నన్ను చూసినవాళ్లు ఒకరుండాలిగా" అన్నాను. నీళ్లు సగం తాగి పరుగందుకున్నారు. ఆ కోపంతో ఎనిమిదో కిలోమీటరు ఆయన ఎన్నడూ పరిగెత్తనంత వేగంగా పరిగెత్తారు. నాకూ ఊపిరి అందలేదు. అయినా పది అడుగులు పదిగానే ఉన్నాయి. "ఎనిమిదండి" అన్నప్పుడు నా గొంతు నాకే చేదుగా వినపడింది, అయినా ఆగలేదు. తొమ్మిది దాటగానే ఆయన పిక్క పట్టేసింది. గట్టు అంచున వంగి నిలబడ్డారు. నేను పక్కకి వచ్చి, "తొమ్మిది ఎప్పుడో అయిందండి" అని ముందుకు వెళ్లిపోయాను.

గంటా మూడు నిమిషాలు. ఆడవాళ్లలో రెండో స్థానం. ఆయన చాలాసేపటికి కుంటుకుంటూ వచ్చారు. పతకాలు ఇవ్వాల్సింది ఆయనే. నా వంతు వచ్చినప్పుడు, "బాగా పరిగెత్తారమ్మా" అని పతకం ఎత్తారు. నేను తల వంచలేదు.

"మంగినపూడిలో కూడా మలుపు దాకా పరిగెత్తానండి. ఆ మాట మీరు చెప్పాలి."

"అదెప్పటిదో. ఇప్పుడెందుకమ్మా అవన్నీ."

"ఇప్పుడే కావాలండి. ఆ రోజు అందరి ముందూ అడిగారు కదా."

ఆయన చేతిలో పతకం ఊగుతోంది. "సరే, పరిగెత్తే ఉంటారు" అన్నారు. "ఉంటారు కాదండి." నేను తల ఎత్తే ఉంచాను. చివరికి, "పరిగెత్తారు. పొరపాటు నాదే" అన్నారు. అప్పుడు తల వంచాను.

ఇంటికి వచ్చాక మా ఆయన స్కూటర్ స్టాండు వేశారు. గుమ్మం దగ్గర, "మరీ అంత చెయ్యాలా? ఆయన పెద్దవాడు" అన్నారు. "ఆ రోజు నేను చిన్నదాన్నే" అన్నాను.

అన్నయ్యగారు ఆ తర్వాత ఆదివారాలు రావడం మానేశారు. నెల తర్వాత రైతుబజారులో వాళ్లావిడ కనపడింది. బెండకాయలు ఏరుతూ, నా వంక చూడకుండానే అంది, "ఆయన ఇప్పుడు పొద్దున్నే లేవట్లేదండి. వాచీ కూడా బీరువాలో పడేశారు."

జాలి వస్తుందేమో అని ఆగాను. నిజంగానే ఆగి, నాలో వెతికి చూసుకున్నాను. ఆవిడ మీద కొంచెం వచ్చింది. ఆయన మీద రాలేదు. "కాలు నొప్పి తగ్గిందాండి?" అని అడిగాను. తగ్గిందని చెప్పింది. "అయితే పరుగుకి రమ్మనండి" అని మాత్రం అనలేదు. అరకిలో బెండకాయలు తూయించుకుని బయటికి వచ్చాను.