కుళ్లాయవ్వకు వినిపించిన చివరి పేజీలు

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. చిన్నప్పుడు చదివిన డిటెక్టివ్ నవలలే అందుకు కారణం. వాటిలో పాడుబడ్డ బంగళాలో తెల్లచీర కనిపించిందంటే, ఆఖరి పేజీ లోపల ఆ చీర కట్టుకున్న మనిషి పోలీసులకు దొరికి తీరాల్సిందే. అలాంటివి వందల కొద్దీ చదివి పెరిగినదాన్ని. కాబట్టి దీన్ని దయ్యం కథ అనను. జరిగింది జరిగినట్టు రాస్తాను, అంతే.

నాకు పదమూడేళ్లప్పుడు మా అమ్మ ధర్మవరం ఆసుపత్రిలో పోయింది. ఊపిరితిత్తుల జబ్బు. అప్పుడు మేం రొద్దంలో ఉండేవాళ్లం. మా నాయన కాంపౌండరు. అమ్మ పోయిన ఏడాదే, అంటే డెబ్బై ఎనిమిదిలో, ఆయనకు పెనుకొండ బదిలీ అయింది. మా ఇద్దరికీ ఒక పాత ఇంట్లో రెండు గదుల వాటా దొరికింది.

నాయన పొద్దున్నే వెళ్తే దీపాల వేళకు వచ్చేవాడు. కొత్త బడిలో నాకు స్నేహితులు లేరు. ఇంట్లో మా మధ్య మాటలు 'అన్నం పెట్టనా', 'గడియ వేసుకో' అన్నంత వరకే. అమ్మ పోయిన రోజు బంధువుల్లో ఎవరో గుసగుసగా అన్న మాట నా చెవిన పడింది. 'బెంగుళూరు తీసకపోయింటే బతికేది. వీడే ఆడికీ ఈడికీ తిప్పకుండా తన మాత్రలతోనే కాలం గడిపినాడు.' ఆ మాట నేను నమ్మాను. నాయనను అడగలేదు. ఆయనా ఏమీ చెప్పలేదు.

వారానికోసారి ఆయన మందుల పని మీద హిందూపురం వెళ్లేవాడు. వచ్చేటప్పుడు బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల షాపు నుంచి రెండు డిటెక్టివ్ నవలలు తెచ్చి గోడ గూట్లో పెట్టేవాడు. తెచ్చానని చెప్పేవాడు కాదు. నేనూ అడగకుండానే తీసుకునేదాన్ని. అరచేతిలో పట్టేంత పుస్తకాలు, అట్ట మీద తుపాకీ, పొగ, భయపడుతున్న ఆడమనిషి మొహం. ఎన్నో చేతులు మారినవి కాబట్టి చాలావాటికి అట్టలు ఊడిపోయి, చివరి పేజీలు ఉండేవి కావు.

పక్క వాటాలో కుళ్లాయవ్వ ఒంటరిగా ఉండేది. రెండు కళ్లకూ పొరలు. మనిషి నీడ మాత్రం తెలిసేది. మండీ వాళ్లు పంపే చింతపండును ముందేసుకుని, తడిమి తడిమి గింజలు తీసేది. ఒక రోజు మధ్యాహ్నం నేను గుమ్మంలో కూర్చుని నాలో నేను గొణుక్కుంటూ చదువుతుంటే పిలిచింది.

"ఏం పాపా, ఎవురితో మాట్లాడతాండావు?"

"ఎవరితోనూ లేదవ్వా. పుస్తకం చదువుతున్నా."

"నాకు అచ్చరం ముక్క రాదు. రోంత గట్టిగా చదువు, నేనూ ఇంటా."

ఆ రోజు నుంచి బడి లేని ప్రతి మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చుని పైకి చదివాను. హత్య జరిగే చోటు వస్తే అవ్వ చేతులు ఆగిపోయేవి. "ఆ డాక్టరే సంపింటాడు, సూడు" అనేది. తప్పయితే నవ్వేది. మామూలుగా ఆమె ఊహలు తప్పేవేనని గుర్తుంచుకోండి.

ఒక నవలలో పాత థియేటరు యజమాని హత్య. సరిగ్గా డిటెక్టివు అందరినీ ఒక గదిలోకి పిలిచేసరికి పేజీలు అయిపోయాయి. నాకు ఏడుపు ఆగలేదు. ఆ వయసులో నాకు అదే పెద్ద కష్టం.

"అట్ల ఏడ్సొద్దు. నేను చెప్తా వినుకో" అని అవ్వ మొదలుపెట్టింది.

ఆమె చెప్పిన తీరు ఆమె మాటలా లేదు. 'వేలిముద్రలు', 'నేరాంగీకారం' లాంటి మాటలు తడుముకోకుండా వచ్చాయి. తడిసిన గొడుగును గుమ్మం బయట పెట్టి సుగుణ లోపలికి వచ్చిందని చెప్పింది. అప్పటిదాకా ఆ కథలో సుగుణ పేరే లేదు. అవ్వ కల్పించి చెబుతోందనుకున్నాను. బాగుందని నోటుబుక్కులో రాసుకున్నాను కూడా. తరవాత మరో మూడు పుస్తకాలకు అలాగే చెప్పింది. ఒక దానికి మాత్రం తల అడ్డంగా ఊపి, "దీనికేమీ ఇనపడలేదు" అంది. ఆ పుస్తకం పూర్తి ప్రతి నాకు ఇప్పటిదాకా ఎక్కడా దొరకలేదు.

దసరా సెలవులకు ధర్మవరంలో పిన్ని ఇంటికి వెళ్లాను. అటక మీద ఆ థియేటరు నవల దొరికింది, చివరి పేజీలతో సహా. మగ్గం దగ్గర పని చేసుకుంటున్న పిన్నికి వినిపించేలా పైకి చదివాను. తడిసిన గొడుగు, సుగుణ, అన్నీ వచ్చాయి. వాక్యాలు కూడా నా నోటుబుక్కులో ఉన్నవే. అవ్వ సంగతి చెబితే పిన్ని మగ్గం ఆపకుండానే, "ఎవురో ముందే చదివి వినిపించింటారులే" అంది.

తిరిగి రాగానే అవ్వను అడిగాను.

"నాకెవురు చదువుతారు తల్లీ? నీ కంటే ముందు ఈ గుమ్మం తొక్కినోళ్లు ఎవురుండారు?"

"మరి నీకెట్లా తెలుసు?"

"నువ్వు నిలిపేసినాక కూడా నాకు ఇనపడతానే ఉంటాది."

"ఎవరి గొంతు?"

"నీదే. ఇంకెవురిది?"

నాకు భయం వేయలేదు. వేరే ఆలోచన వచ్చింది. ఆసుపత్రిలో అమ్మ నాకు రాసిన ఉత్తరం ఒకటి నా దగ్గర ఉండేది. దిండు కింద దొరికిందని పిన్ని ఇచ్చింది. ఒకటే కాగితం. కింది అంచు దగ్గర 'సరోజా, నువ్వు నాయనతో' అని ఆగిపోయి ఉంటుంది. అమ్మ అంతకు మించి రాయలేకపోయిందని అందరం అనుకున్నాం.

మరుసటి మధ్యాహ్నం ఆ ఉత్తరం తీసుకెళ్లి చదివాను. 'నాయనతో' దగ్గర ఆపాను. అవ్వ చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. మెల్లగా చెప్పింది.

"ఎక్కడికి పోయినా బడి మాత్రం మానొద్దు. నా పచ్చ రవికె నీకు సరిపోయేలా పిన్ని చేత కుట్టించుకో. తల దువ్వుకునేటప్పుడు చెవుల వెనక చిక్కు తీసుకోవడం మర్చిపోతావు. ఇంకొక్క మాట..."

అక్కడ ఆగింది.

"ఇంకొక్క మాట ఏందవ్వా?"

"ఆడ నీ గొంతు పూడుకపోయినాది. ఏడుస్తాండావు. ఇనపళ్లా." తల నా వైపు తిప్పి అంది, "ఇప్పటి గొంతు గాదు పాపా. పెద్దదాని గొంతు."

ఎంత బతిమాలినా అంతకంటే చెప్పలేదు. విన్నది రాసుకున్నాను. నాయనకు చూపించలేదు. మరుసటి ఎండాకాలంలో కుళ్లాయవ్వ పోయింది. ఆ తరవాత నేను పుస్తకాలు మనసులోనే చదువుకున్నాను.

ఎనిమిదేళ్లకు నాకు హిందూపురంలో టీచరు ఉద్యోగం వచ్చింది. నాయన రిటైరయ్యాడు. పెనుకొండ ఇల్లు ఖాళీ చేస్తుంటే ఆయన ట్రంకు పెట్టె అడుగున అమ్మ ఎక్సరే కవరు కనిపించింది. నాయన దాన్ని ఎప్పుడూ తెరవలేదు, పారేయనూ లేదు. ఫిల్మును బయటికి లాగాను. దాని వెనక ఒక కాగితం అతుక్కుని ఉంది. అమ్మ చేతిరాత.

"ఏందది?" అన్నాడు నాయన.

"అమ్మ ఉత్తరం. రెండో కాగితం."

ఆయన అద్దాలు అప్పటికే మూటల్లో సర్దేశాను. "చదువు" అన్నాడు.

చదివాను. 'ఎక్కడికి పోయినా బడి మాత్రం మానొద్దు.' పచ్చ రవికె. చెవుల వెనక చిక్కు. 'ఇంకొక్క మాట' దాకా వచ్చి, దాని కింది వాక్యం చూసేసరికి ఏడుపుతో నాకు గొంతు పెగల్లేదు. నాయన కాగితం తీసుకుని, కిటికీ దగ్గర చేతిని బారుగా చాచి చదువుకున్నాడు.

'బెంగుళూరు పోదామని మీ నాయన మూడుసార్లు నన్ను బయలుదేరదీసినాడు. నేనే రానని మొండికేసినాను. ఆయన మీద కోపం పెట్టుకోవద్దు.'

"ఇన్నేండ్లూ నువ్వట్ల అనుకుంటాండావా?" అన్నాడు. నేను తల ఊపాను.

"అడిగింటే చెప్పుదును గదమ్మా" అని మూట మీద కూర్చున్నాడు. ఆ రోజు బస్సు తప్పిపోయింది. పొద్దు వాలేదాకా ఆయన అమ్మ గురించి చెబుతూనే ఉన్నాడు, నేను వింటూనే ఉన్నాను.

హిందూపురం చేరాక నోటుబుక్కు తీసి పోల్చి చూసుకున్నాను. ఒక్క మాట తేడా లేదు. ఏ తల్లయినా అలాంటివే రాస్తుందని, అవ్వ ఊహించి చెప్పిందని నాకు నేనే సర్దిచెప్పుకుని చూశాను. పచ్చ రవికెను ఊహించవచ్చునేమో. ఎనిమిదేళ్ల తరవాత, ఏ మాట దగ్గర నా గొంతు పూడుకుపోతుందో ఎవరు ఊహిస్తారు?

ఆ ఒక్క వాక్యం అవ్వకు వినపడి ఉంటే, మా నాయనతో ఆ ఎనిమిదేళ్లూ మాట్లాడి ఉండేదాన్ని. వినపడకుండా అడ్డుపడింది, ఎనిమిదేళ్ల తరవాత నేను ఏడ్చిన ఏడుపే. అది ఎలా సాధ్యమో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.