మూడు వందల నలభై పచ్చ గుర్తులు

పదకొండేళ్లు పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్పినదాన్ని. నోరు తెరిస్తే "ఒక సంఖ్యను ఎక్స్ అనుకుందాం" అనేదాన్ని. ముప్పై ఎనిమిదో ఏట, చెప్పిందే చెప్పీ చెప్పీ విసుగెత్తి, కంప్యూటర్ కోర్సు చేసి ప్రోగ్రాములు రాసే ఉద్యోగంలో చేరాను. ఉద్యోగం మారింది గానీ బుద్ధి మారలేదు. ఇక్కడా "అనుకుందాం" అనే అంటున్నాను. కాకపోతే ఇక్కడ దానికి జీతం ఎక్కువ.

మా కంపెనీ చిన్నది. మూడో అంతస్తులో రెండు గదులు, ఎప్పుడూ పని చేయని లిఫ్టు, ఏడుగురు మనుషులు. కొన్ని పరీక్షల ల్యాబులకు వెబ్‌సైట్ నడుపుతాం. రక్తపరీక్షో స్కానింగో చేయించుకున్నవాళ్లు ఫోన్లో లాగిన్ అయి తమ రిపోర్టు చూసుకోవచ్చు. ఎవరైనా రిపోర్టు కావాలని అడిగితే, ఆ మాట అందుకుని ఏం చూపించాలో తేల్చే ప్రోగ్రాం ముక్కను కంట్రోలర్ అంటారు. అది రాసింది నేను. అది సరిగ్గా పని చేస్తోందో లేదో చూసే టెస్టులు రాసిందీ నేనే. పరీక్ష రాసేదీ నేనే, పేపరు దిద్దేదీ నేనే. మార్కులు ఎలా వచ్చి ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు.

టెస్టు నడిపిన ప్రతిసారీ నిజంగా లాగిన్ అవ్వాలంటే ఫోనుకు ఓటీపీ రావాలి, దాన్ని కొట్టాలి, పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. అందుకని ఈ పనిలో అందరూ చేసేదే నేనూ చేశాను. ఒక ఉత్తుత్తి యూజర్‌ని తయారు చేశాను. "ఇతను లాగిన్ అయ్యాడా?" అని కంట్రోలర్ అడిగితే "అయ్యాడు" అని జవాబొస్తుంది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. "మరి ఈ రిపోర్టు చూసే హక్కు ఇతనికుందా?" అన్నదానికి కూడా "ఓ, భేషుగ్గా ఉంది" అనే జవాబే పెట్టేశాను. హక్కుందో లేదో చూసే అసలు తనిఖీ తర్వాత రాద్దామనుకున్నాను. టెస్టులన్నీ పాసవుతుంటే ఆ తర్వాత అనేది రానే లేదు. మూడు వందల నలభై టెస్టులు, ఒక్కోదాని పక్కన ఒక్కో పచ్చ గుర్తు. ఆఫీసులో నాకు పచ్చలైటు అని పేరు పెట్టారు. అది పొగడ్త అనుకుని పది నెలలు తిరిగాను.

ఒక మంగళవారం పొద్దున ల్యాబుల తరఫున ఒక పెద్ద డాక్టరుగారు మా ఆఫీసుకు వచ్చారు. మూడంతస్తులెక్కిన ఆయాసం తీరాక, "ఏమ్మా, ఒకళ్లు లాగిన్ అయి ఇంకొకళ్ల రిపోర్టు అడిగితే?" అన్నారు.

"రాదండి. మూడొందల నలభై టెస్టులున్నాయి," అన్నాను. ఆ అనడంలోని దర్జా తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆయన వెళ్లాక, రాదని రుజువు చేసి ఫొటో తీసి పంపుదామని నా సొంత ఖాతాలోకి వెళ్లాను. ఐదు వారాల కిందట నేను చేయించుకున్న థైరాయిడ్ రిపోర్టు తెరిచాను. పైన వెబ్ అడ్రసులో దాని నెంబరు 40817. చివరి ఏడు తీసి ఎనిమిది కొట్టాను. "మీకు అనుమతి లేదు" అని రావాలి. రిపోర్టు వచ్చింది. పేరు చూశాను. మా అత్తయ్యది.

ఆ రోజు ల్యాబుకు ఆవిడే నాకు తోడొచ్చింది. నేను రక్తం ఇచ్చి బయటికొస్తే మనిషి లేదు. ముప్పావుగంట తర్వాత వచ్చి "బాత్రూం దగ్గర క్యూ ఉందే" అంది. అంతసేపా అని నలుగురిలో విసుక్కున్నాను కూడా. నేను లోపలికి వెళ్లగానే నా వెనక నెంబరు తీసుకుని, ఎవరికీ చెప్పకుండా స్కానింగ్ చేయించుకుందన్నమాట.

పేరు చూసిన వెంటనే మూసెయ్యాలి. నీతి అదే, కంపెనీ రూలూ అదే. నేను చివరి లైను దాకా చదివాను. రొమ్ములో గడ్డ ఉంది. ఏమాత్రం ఆలస్యం చెయ్యకుండా చిన్న ముక్క తీసి పరీక్ష చేయించాలి. ఇది రాసి ఐదు వారాలైంది. ఈ ఐదు వారాలూ అత్తయ్య కిటికీ పక్కన కూర్చుని ఎప్పట్లాగే మిషను కుడుతూనే ఉంది.

మా టీం లీడరు నాకంటే పన్నెండేళ్లు చిన్నది. వెళ్లి తప్పు ఒప్పుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టకుండా ముందు రిపోర్టుల పేజీ ఆపేసింది, డాక్టరుగారికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తర్వాత పది నెలల రికార్డులు ముందేసుకుని, పరాయివాళ్ల రిపోర్టులు ఎవరెవరు తెరిచారో వెతికింది. నేను పక్కనే నిలబడి గోళ్లు కొరుక్కున్నాను.

"ఒక్కరే ఉన్నారక్కా," అంది చివరికి.

"ఎవరు?"

"మీరే."

ఇంకెవరి గుట్టూ బయటపడలేదన్న నిశ్చింత ఒక పక్క, సిగ్గు ఇంకో పక్క. వేల మంది వాడే సైట్లో ఒకే ఒక్క దొంగ, అదీ గోడ కడుతూ కన్నం వదిలేసినదే.

సాయంత్రం ఇంటికెళ్తూ దారంతా ఆలోచించాను. చెబితే, దొంగతనంగా చదివానని ఒప్పుకోవాలి. చెప్పకపోతే ఆవిడ ఆ రెండో పరీక్షకు వెళ్లదు. మధ్యేమార్గంగా నాకొక దివ్యమైన ఆలోచన వచ్చింది. ఎప్పటి ఆలోచనే, ఉత్తుత్తిది ఒకటి తయారు చెయ్యడం.

"అత్తయ్యా, మా ఆఫీసువాళ్లు ఇంటిల్లిపాదికీ ఉచితంగా పరీక్షలు చేయిస్తున్నారు. మీరూ రండి," అన్నాను.

"నాకెందుకే? గుండ్రాయిలా ఉన్నాను," అంది సూదిలోకి దారం ఎక్కిస్తూ. "అయినా మీ ఆఫీసువాళ్లు లిఫ్టే బాగు చేయించరు, నాకు పరీక్షలు చేయిస్తారా?"

ఇక దాచలేకపోయాను. మిషను పక్కన నేల మీద కూలబడి మొత్తం చెప్పేశాను. తనిఖీ రాయకపోవడం, నెంబరు మార్చడం, చివరి లైను దాకా చదవడం, అన్నీ. మిషను ఆగిపోయింది.

"ఎంతమంది చూశారు?" అంది.

"ఒక్కళ్లే."

"ఎవరు?"

"నేనే అత్తయ్యా."

ఆవిడ కళ్లజోడు తీసి మిషను మీద పెట్టింది. తర్వాత, "నా ఒంటి సంగతి నా నోటితో చెప్పుకోవాల్సింది. అది కూడా లేకుండా చేశావు," అంది. అరవలేదు. అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"తప్పే. కానీ ఎందుకు దాచారు? నాకు కాకపోయినా మీ అబ్బాయికైనా చెప్పాల్సింది."

"వాడికి చెబితే ఏడుస్తాడు. నీకు చెబితే లెక్కలు వేస్తావు, ఇన్నాళ్లు, అన్నాళ్లు అని." దారం తెంపింది. "అసలు అందులో ఏముందే? నేను పూర్తిగా చదవలేదు. ఆలస్యం అన్న మాట కనపడగానే భయమేసి మూసేశాను."

చూసే హక్కున్న ఆవిడ సగంలో మూసేస్తే, హక్కు లేని నేను ఆసాంతం చదివాను. మిగతా సగం నా నోటితోనే చెప్పాను. చెబుతుంటే ఆవిడ చెయ్యి నా తల మీదికొచ్చింది. ఓదార్చాల్సింది ఎవరు, ఓదారుస్తున్నది ఎవరు!

మర్నాడు ల్యాబుకు వెళ్లాం. కౌంటర్లో అమ్మాయి ఒక కాగితం నింపమంది. మీ రిపోర్టు మీరు కాక ఇంకెవరైనా చూడొచ్చా అని అందులో ఒక ప్రశ్న ఉంది. అత్తయ్య నా వైపు ఒక చూపు చూసి, కళ్లజోడు తుడుచుకుని, నా పేరు రాసింది. సంబంధం అన్నచోట 'కోడలు' అని ఒక్కో అక్షరం దిద్ది రాసింది.

గడ్డలోంచి ముక్క తీసుకుని, రిపోర్టు ఐదో రోజుకు వస్తుందన్నారు. ఆ నాలుగు రోజుల్లో అసలు తనిఖీ రాశాను. ఉత్తుత్తి యూజర్‌ని ఉంచాను గానీ, వాడికి ఇంకో ఇద్దరిని తోడిచ్చాను. ఒకడు లాగిన్ కానివాడు, ఒకడు లాగిన్ అయినా పరాయివాడు. ఇద్దర్నీ గుమ్మంలోనే ఆపాలి. మొదటిసారి నడిపినప్పుడు నా కంట్రోలర్ నిండా ఎర్ర గుర్తులే. డాక్టరుగారు స్వయంగా కూర్చుని చూసి, తృప్తి పడ్డాకే పేజీ మళ్లీ తెరవనిచ్చారు.

ఐదో రోజు పొద్దున రిపోర్టు వచ్చినట్టు నా ఫోనుకు మెసేజి వచ్చింది. పేరు ఉంది, హక్కు ఉంది, ఓటీపీ కూడా వచ్చింది. వేలు మాత్రం కదల్లేదు.

"అప్పుడు అడక్కుండానే అంతా చదివేశావు," అంది అత్తయ్య పక్కన కూర్చుని. "ఇప్పుడు చదవమంటుంటే ఫోను అలా పట్టుకుని కూర్చున్నావేంటే? ఊఁ, గట్టిగా చదువు."

చదివాను. గడ్డ చెడ్డదే. కానీ చిన్నది, ఇంకెక్కడికీ పాకలేదు. ఆపరేషన్లు చేసే డాక్టరుకు ఫోన్ చేస్తే వచ్చే బుధవారం ఆపరేషన్ అన్నారు.

"బుధవారమా? అయితే ఆలోగా నేను కుడుతున్న నీలం గౌను అయిపోతుంది," అని లేచి మిషను దగ్గరకు వెళ్లింది. "సాయంత్రం వాడు రాగానే నేనే చెబుతాను. నువ్వు నోరు మూసుకుని కూర్చో."

సరేనన్నాను. ఆవిడ చెప్పేదాకా ఆ ఒక్క మాటా మా ఆయనకు చెప్పలేదు. ఏడుపు మాత్రం, ఎవరి అనుమతీ అడక్కుండా, అక్కడే వచ్చేసింది.